పటంలోని మనిషి, డబ్బాలోని మనిషి

ఇంట్లో మనిషి పోయాక ఫోటోల డబ్బా మొదటిసారి తెరిచేది దుఃఖంతో కాదు, తొందరతో. పదకొండో దినం దగ్గర పడుతుంటుంది. పటం కట్టించాలి, ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టాలి. స్టూడియో ఆయన "మంచిది ఒక్క ఫోటో పంపుండ్రి, మొఖం సాఫ్ కనవడాలె" అంటాడు. సందుగ అడుగు నుంచి బిస్కెట్ డబ్బా బయటికి వస్తుంది. నలుగురు కూర్చుని వెతుకుతారు. ఉన్నవాటిలో సగం మందే గుర్తుకొస్తారు, కావలసిన మనిషి మాత్రం దొరకదు. దొరికితే పెండ్లి గుంపులో మూడో వరుసలో, ఎవరిదో భుజం చాటున, కండ్లు మూసుకుని ఉంటుంది.

చివరికి చాలా ఇండ్లల్లో పటమెక్కేది ఆధార్ కార్డు ఫోటోనే. కంప్యూటర్ ముందు బెదురుగా కూర్చున్న ముసలమ్మ ముఖాన్ని కోసి, పెద్దది చేసి, వెనక నీలి రంగు పూసి, మీద "శ్రద్ధాంజలి" అని రాస్తారు. ఎనభై ఏండ్ల బతుక్కి మిగిలిన ముఖం, ఆఫీసు వాళ్లకు అక్కరపడి తీసుకున్న ముఖం.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఫోటోల కరువుకు చరిత్ర ఉంది. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు ఏ నిజాం మీద వచ్చిందో, ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. నవాబుల వేటలు, విందులు, మహళ్లు, దర్బార్లు ఆయన కెమెరాకు ఎక్కాయి. ఊరి పేరులో ఉన్న రాజుకు లెక్కలేనన్ని ఫోటోలు, ఊళ్లోని మనిషికి ఒక్కటీ లేదు. తర్వాత గడీల గోడల మీద దొరల ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటోల అంచుల్లో గొడుగు పట్టుకునో, గుర్రం కళ్లెం పట్టుకునో ఒక మనిషి నిలబడి ఉంటాడు. దొర పేరు అందరికీ తెలుసు, ఆ మనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో చనిపోయిన వాళ్లలో ఎందరివో ముఖాలు మిగలలేదు. చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో లాగా ఊరి స్తూపమే వాళ్లకు పటం అయింది.

మామూలు ఇండ్లకు ఫోటో చేరడం స్టూడియోలతో మొదలైంది. చేరాక కూడా అది పొదుపుగా వాడుకునే వస్తువే. 120 రీలులో చదరపు ఫోటోలైతే పన్నెండే వస్తాయి. ఒక్క మనిషి కోసం రీలు తిప్పేవాళ్లు కాదు, రీలు అయిపోయేదాకా కడిగేవాళ్లూ కాదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో విడి మనుషులు తక్కువ, గుంపులు ఎక్కువ. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డ పెద్దవాళ్లు సరేసరి. పెండ్లయిన కొత్తల్లో జంటగా ఒకటి, పిల్ల పుట్టాక ఒకటి, జాతరలో గుడారం ముందు ఒకటి. కురుమూర్తికి పోయినా, చెరువుగట్టుకు పోయినా అంతే. చుట్టుపక్కల పల్లెవాళ్లు పాలమూరు పిల్లలమర్రి ఊడల కింద, సాగర్ కట్ట మీద దిగినవి ఉంటే అది కలిగిన ఇల్లు.

వలస ఇంకో రకం ఫోటోను తెచ్చింది. పాలమూరు నుంచి బొంబాయికి మట్టిపనికి పోయినవాళ్లు, నల్లగొండ నుంచి భివండికి మగ్గాల పనికి పోయిన పద్మశాలీలు అక్కడి స్టూడియోల్లో దిగి ఇంటికి పంపిన ఫోటోలు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, వెనక తెర మీద సముద్రమో విమానమో. గడియారం స్టూడియోదే కావచ్చు. ఆ ఫోటో పని "నేను బాగున్నా" అని ఇంటికి చెప్పడం. చదువు రాని తల్లికి అది ఉత్తరం కన్నా ఎక్కువ. ఆ మనిషి పోయాక అదే ఫోటో చూస్తే బాగున్నట్టే కనబడతాడు. అక్కడ గుడిసెలో ఎట్లా బతికాడో అందులో లేదు.

అందరికన్నా తక్కువ ఫోటోలున్నది ఆడవాళ్లకు, అందులోనూ చిన్న వయసులో భర్త పోయినవాళ్లకు. శుభకార్యంలో ముందుకు రాకూడదన్న కట్టుబాటు వాళ్లను పందిట్లోంచే కాదు, ఫోటోలోంచి కూడా తప్పించింది. పెండ్లినాటి ఫోటో తర్వాత మళ్లీ ఆమె ముఖం కనబడేది 1993 తర్వాత వచ్చిన ఓటరు కార్డులోనే. మధ్యలో ముప్పై ఏండ్లు ఖాళీ. ఆ ముప్పై ఏండ్లలోనే ఆమె పిల్లల్ని సాకింది, ఎవుసం చేసింది. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు రెండు జిల్లాలూ మొదటి విడతలోనే ఉన్నాయి. జాబ్ కార్డు కోసం ఇంట్లోని పెద్దలంతా కలిసి దిగిన ఫోటోనే కొన్ని ఇండ్లల్లో ఏకైక కుటుంబ ఫోటో. సర్కారు లెక్క కోసం తీసినదే అయినా, ఆ అవ్వను కొడుకూ కోడలి పక్కన నిలబెట్టింది అదే.

పటం దగ్గరికి వద్దాం. పటం కట్టించడమంటే ఫోటోను పెద్దది చేయడం ఒక్కటే కాదు. కంప్యూటర్ రాకముందు స్టూడియోలో కుంచె పట్టిన మనిషి ఉండేవాడు. గుంపులోంచి తలను వేరుచేసి, చెదిరిన జుట్టు సర్ది, మడతలు పడ్డ అంగీకి కోటు తొడిగి, నల్లటి ముఖాన్ని చామనఛాయకు, చామనఛాయను తెలుపుకు తెచ్చేవాడు. ఇదే పని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది, ఇంకా తెల్లగా చేస్తోంది. ఎండలో యాభై ఏండ్లు అరకదున్నిన మనిషి పటంలో నీడపట్టున ఉన్న షావుకారిలా కూర్చుంటాడు. దీనికి స్టూడియోను తప్పుపట్టి లాభం లేదు, అడిగేది ఇంటివాళ్లే.

స్టూడియోల వాళ్లు మిక్సింగ్ అనే పని ఇంకా లోతైనది. భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో ఉండదు. ఆయన ముప్పై అయిదేండ్లప్పుడు పోయాడు, ఆమె డెబ్భై దాటి పోయింది. ఇద్దర్నీ రెండు ఫోటోల్లోంచి కోసి ఒకే సోఫా మీద కూర్చోబెడతారు. చూసేవాళ్లకు తల్లీకొడుకుల్లా ఉంటారు. పరాయివాళ్లకు నవ్వు రావచ్చు. ఆ ఇంట్లో మాత్రం అది అబద్ధం కాదు, వాళ్లిద్దరూ కలిసి బతికారు కదా, కెమెరా ముందుకే రాలేదు.

ఇంత చేశాక పటం గోడకు ఎక్కుతుంది. దండ పడుతుంది, కుంకుమ బొట్టు పడుతుంది, ముందర ఎర్రటి చిన్న బల్బు వెలుగుతుంది. వెనకటి ఇండ్లల్లో పటాలను దర్వాజ మీద ముందుకు వంచి కట్టేవాళ్లు, వెనక సందులో పిచ్చుకలు గూడు పెట్టేవి. పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, పటాలు దించి తుడుస్తారు, పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పెద్దలకు, మాపటికి పూలకు. ఒకే రోజు ఇంట్లో రెండు గాలులు వీస్తాయి, ఎవరికీ అది వింతగా అనిపించదు.

అయితే పటం ఒక పని చేస్తే ఇంకో పని చెడగొడుతుంది. అది మనిషిని గౌరవంలో నిలబెడుతుంది, ఆ గౌరవంలో మనిషి కరిగిపోతాడు. రోజూ కళ్ల ముందుండే వస్తువును మెదడు చూడటం మానేస్తుంది. గడియారం టిక్కుటిక్కుమనడం వినబడనట్టే గోడ మీది ముఖం కూడా కనబడదు. పైగా తండ్రి అనగానే కొన్నేండ్లకు మనసులో మెదిలేది తండ్రి కాదు, పటంలోని ఆ ఒక్క చూపు. బీడీ తాగుతూ గట్టు మీద కూర్చున్నవాడు, అంగట్లో బేరం చేసినవాడు, కోపమొస్తే పగ్గం విసిరేసినవాడు వెనక్కి పోతారు. అందరికన్నా తక్కువ గుర్తుండేది, అందరూ రోజూ చూసే పటంలోని మనిషే అనిపిస్తుంది.

డబ్బాలోని ఫోటో పద్ధతి వేరు. అది ఎప్పుడో గానీ బయటికి రాదు, వచ్చినప్పుడు ఒంటరిగా రాదు. దాని చుట్టూ నలుగురు చేరతారు, మాట పుడుతుంది.

"గీ ఎడమ దిక్కు నిలవడ్డది ఎవరే అవ్వా?"

"గామె మీ నాయనకు మేనత్త. గా చీర ఆమెది గాదు, నాది. పెండ్లికని అడిగి కట్టుకపోయింది, మల్ల ఇయ్యలె."

ఇయ్యని చీర ఫోటోలో ఎక్కడా రాసి లేదు. ఫోటో ఒక కొస అందించింది, అవ్వ దాన్ని పట్టి లాగింది. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువులా ఉన్నది ఉన్నట్టుగా బయటికి రాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని మళ్లీ కడుతుంది. కట్టడానికి ఆసరా కావాలి, ఫోటో ఆ ఆసరా. అందుకే సరిగ్గా తీసిన ముఖం కన్నా ఓ మూల కనబడే చీర, చెంబు, అరుగు ఎక్కువ మాట్లాడిస్తాయి.

ఇందులో ప్రమాదమూ ఉంది. 2002లో న్యూజీలాండ్, కెనడా పరిశోధకులు ఇరవై మంది పెద్దవాళ్లకు వాళ్ల చిన్ననాటి ఫోటోలు చూపించారు. వాటిలో ఒకటి తయారు చేసిన ఫోటో: చిన్నప్పుడు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు. వాళ్లెవరూ ఎక్కలేదని ఇంటివాళ్ల దగ్గర ముందే తెలుసుకున్నారు. మూడు విడతలు మాట్లాడేసరికి పది మంది ఆ ప్రయాణం కొంతో మొత్తమో గుర్తొచ్చిందన్నారు. మిక్సింగ్ పటం కింద పెరిగిన మనవడు, తాత అవ్వ ఆ సోఫా మీద కూర్చోవడం తాను చూశానని రేపు నమ్మితే ఆశ్చర్యం లేదు. ఇది పటాలకే కాదు, అవ్వ చీర కథకూ వర్తిస్తుంది. ఎక్కువసార్లు చెప్పిన కథే నిజమై కూర్చుంటుంది. పక్కన మేనత్త బిడ్డ కూడా ఉంటే "చీర ఇచ్చింది, నువ్వే మర్శినవ్" అనేది. రెండు పక్కలవాళ్లూ ఉన్నప్పుడే డబ్బా తెరవాలనడం అందుకే. కొట్లాడుకుంటే కొట్లాడుకోనీ, మనిషి ఆ కొట్లాటలోంచే బయటికి వస్తుంది.

ఫోటో అంచులు చదవడం నేర్చుకోదగ్గ విద్య. వెనక్కి తిప్పితే స్టూడియో ముద్ర ఉంటుంది. ముద్రలో ఫోన్ నంబరు మూడంకెలదైతే ఒక కాలం, ఆరంకెలదైతే మరో కాలం. అంచులు అలలు అలలుగా కత్తిరించి ఉంటే ఎక్కువగా 1950, 60ల నాటిది. పందిట్లో వేలాడేది పెట్రోమాక్స్ అయితే ఆ ఊరికో ఆ వాడకో ఇంకా కరెంటు రాలేదు. గోడ మీది క్యాలెండర్‌ను భూతద్దంతో చూస్తే ఒక్కోసారి నెలతో సహా దొరుకుతుంది. ఒళ్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని దిగినవాడు అప్పుడే కట్నంలో తెచ్చుకుని ఉంటాడు. ఆడవాళ్ల ఒంటి మీది సొమ్ములు ఇంకో లెక్క. 1970లో మెడలో ఉన్న గుండ్లపేరు 1973 పెండ్లి ఫోటోలో లేకపోతే, మధ్యలోని కరువులో అది ఏ షావుకారి దగ్గరికో పోయి ఉంటుంది. స్టూడియోలో పిల్లాణ్ని కుర్చీ మీద నిలబెట్టి తీసిన ఫోటోలో నడుము దగ్గర ఒక చెయ్యి కనబడుతుంది, గాజుల చెయ్యి. కుర్చీ వెనక దాక్కుని పట్టుకున్న తల్లిది. ఆ తల్లికి వేరే ఫోటో లేకపోతే ఆ చెయ్యే ఆమె ఫోటో.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఇండ్లల్లో ఒకే మనిషివి నాలుగైదు ఫోటోలు వరుసగా పేర్చితే నీళ్ల చరిత్ర కనబడుతుంది. పడుచుతనంలో నిటారుగా నిలబడ్డ మనిషి నలభై దాటేసరికి మెడ తిప్పలేక నిలబడి ఉంటాడు, ఆ తర్వాతి ఫోటోలో కూర్చునే ఉంటాడు. పెదవులు బిగించి దిగడానికి ఆ రోజుల్లో ఫోటో ముందు నవ్వకూడదన్న మర్యాద ఒక కారణం, అక్కడ మాత్రం గార పండ్లు దాచుకోవడం ఇంకో కారణం కావచ్చు. ఫ్లోరైడ్ బాధితులని బయటివాళ్లు తీసిన ఫోటోలు పేపర్లలో ఎన్నో వచ్చాయి. ఇంటి డబ్బాలోని ఫోటోలో ఆ మనిషి బాధితుడు కాదు, తమ్ముడి పెండ్లికి కొత్త అంగీ తొడుక్కున్న అన్న.

అసలు ఊరే లేకుండా పోయినవాళ్లకు ఫోటో ఇంకా బరువు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడింది. మునగబోయే లోయలో 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ తవ్వకాలు జరిగాయి. దేవరకొండ తాలూకాలోని ఏలేశ్వరంలోనూ తవ్వారు. ఇక్ష్వాకుల ఇటుకలకు కొలతలు వేశారు, ఫోటోలు తీశారు, కొన్ని కట్టడాలను ఎత్తి కొండ మీద పెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు, జటప్రోలు గుళ్లనూ తరలించారు. అవి చేయదగ్గ పనులే. కానీ ఆ ఊళ్లల్లోని అరుగులకు, చేదబావులకు, గొడ్ల కొట్టాలకు కొలతలు వేసినవాళ్లు లేరు. ఆ ఇంటి ముందు దిగిన ఒక్క పెండ్లి ఫోటో ఉంటే, పెండ్లికొడుకు వెనక కనబడే సగం దర్వాజే ఊరికి మిగిలిన రుజువు. అట్లాంటి ఫోటోను చూసే ముసలివాళ్లు ముందు వేలు పెట్టేది మనుషుల మీద కాదు, ఆ దర్వాజ మీద. వేసవిలో శ్రీశైలం నీళ్లు దిగినప్పుడు మొండి గోడలు తేలితే, ఇది మనదే అని పోల్చుకోవడానికీ కొందరికి ఆ ఫోటోనే దిక్కు.

నీళ్లు ఫోటోలను ఇంకోసారి కూడా తీసుకుపోయాయి. 2009 అక్టోబర్ మొదట్లో కృష్ణ, తుంగభద్ర ఒక్కసారే పొంగినప్పుడు అలంపూర్ ప్రాంతపు ఇండ్లల్లో బియ్యం, బట్టలతో పాటు ఆల్బములూ నానాయి. తడిసిన ఫోటోలను అతుక్కున్నవి అతుక్కున్నట్టే ఎండబెడితే రాయి అయిపోతాయి. తడి మీద ఉండగానే మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి పెట్టి నీడలో ఆరబెడితే చాలావరకు దక్కుతాయి. ఇది వరద పోయాక తెలిసి లాభం లేని సంగతి.

జాగ్రత్తల గురించి ఇంకో నాలుగు మాటలు చాలు. అద్దానికి అంటుకున్న ఫోటోను పీకకూడదు, అద్దంతోనే స్కాన్ చేయించాలి. లామినేషన్ చేయించకూడదు, మళ్లీ విప్పరాదు. పేర్లు వెనక పెన్సిల్‌తో మెత్తగా రాయాలి, బాల్ పెన్ను ముందుకు గాట్లు పెడుతుంది. పాస్‌ఫోటో సైజువి 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. అంటు కాగితాల ఆల్బములో పెట్టినవి తీయగలిగితే తీసేయడమే మంచిది, ఆ జిగురు ఫోటోను లోపలి నుంచి తింటుంది.

ఒక చిత్రం గమనించవచ్చు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, సరిగ్గా కడిగితే అది గట్టిది. 1970, 80ల కలర్ ఫోటోల్లో ఉండేది రంగుల అద్దకం, అందులో నీలిఛాయ ముందు వెలిసి బొమ్మ ఎర్రబారుతుంది. అందుకే తాత పెండ్లి ఫోటో ఇంకా కండ్లకు కొట్టినట్టు ఉంటే, నాయన పెండ్లి ఆల్బము ఇటుక రంగుకు తిరిగింది. మనవడి పెండ్లి ఫోటోలు హార్డ్ డిస్కులో ఉన్నాయి, అది తెరుచుకోవడం లేదు.

ఫోటో పెట్టుకోని ఇండ్లూ ఉన్నాయి. చాలా ముస్లిం కుటుంబాల్లో గోడకు మనుషుల ఫోటోలు కట్టరు. షబే బరాత్ రాత్రి గోరీల దగ్గరికి పోతారు, ఫాతిహా చదువుతారు. మనిషి అక్కడ పేరుగా, దువాగా ఉంటాడు. హజ్‌కు పోయేటప్పుడు పాస్‌పోర్టు కోసం దిగిన ఫోటో మాత్రం బీరువాలో బట్టల కింద ఉంటుంది, బిడ్డలు దాన్ని అప్పుడప్పుడు తీసి చూసి మళ్లీ అక్కడే పెడతారు.

కొత్తగా వచ్చింది, పాత ఫోటోలను కదిలించే యాప్‌లు. ముప్పై ఏండ్ల కింద పోయిన తండ్రి తల తిప్పుతాడు, రెప్ప వేస్తాడు, చిన్నగా నవ్వుతాడు. మొదటిసారి చూసినవాళ్లకు గుండె జారుతుంది, కాదనలేం. కానీ ఆ నవ్వు ఆయనది కాదు. ఎవరెవరివో లక్షల ముఖాల నుంచి నేర్చుకున్న సగటు నవ్వు. ఆయన ఒకవైపే నవ్వేవాడని, పైపన్ను విరిగి ఉండేదని యాప్‌కు తెలియదు, తెలిసిన మనిషి పక్క గదిలో మంచం మీద ఉంది. బెలూన్ ఫోటో సంగతి గుర్తుంటే, రేపు పిల్లల మనసులో ఏ నవ్వు మిగులుతుందో ఊహించవచ్చు. యాప్ తెరిచే ముందు పక్క గదిలోకి ఫోటో తీసుకుపోయి, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, "నాయన ఎట్ల నవ్వేటోడు?" అని అడగడం చౌకైన పని. అవ్వ నవ్వి చూపిస్తుంది కూడా.

అయినా ప్రతి డబ్బాలో అడుగున ఒకటి రెండు ఫోటోలు మిగులుతాయి. ఎవరివో తెలియదు. అడిగితే చెప్పగలిగిన ఆఖరి మనిషి కూడా పోయింది. ఒకామె, చంకలో పిల్ల, వెనక తాటిచెట్ల తెర. వెనక రాత లేదు, ముద్ర అరిగిపోయింది. చేతులు మారుతూ ఫోటో అందరి దగ్గరికీ పోతుంది. ముక్కు చూసి ఒకరు, నిలబడ్డ తీరు చూసి ఒకరు పోలిక కడతారు, ఏదీ కుదరదు. చింపి పారేద్దామని మాత్రం ఎవరూ అనరు.

"ఎవరో మనోళ్లే" అంటారు, మళ్లీ డబ్బాలో పెడతారు.